అబోరిజినల్ హెల్త్ సర్వీస్ బోర్డులో ఇండిపెండెంట్ డైరెక్టర్‌గా రమ్మన్నారు, చేరాలా?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను, తర్వాత చదివేవాళ్ళకు అర్థం కావడానికి. మీరు ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో సముద్రానికి దూరంగా ఉన్న ఒక చిన్న పట్టణంలో అకౌంటెంట్. అక్కడి అబోరిజినల్ మెడికల్ సర్వీస్ (ఆస్ట్రేలియా మూలవాసులు తమకోసం నడుపుకునే ఆరోగ్య సంస్థ) వాళ్ళు మిమ్మల్ని బోర్డులో ఇండిపెండెంట్ డైరెక్టర్‌గా రమ్మన్నారు. మిగతా డైరెక్టర్లందరూ స్థానిక అబోరిజినల్ కుటుంబాల వాళ్ళు. ఒకాయన స్కూల్ బస్సు నడుపుతారు, ఒకావిడ రిటైరైన టీచర్ ఎయిడ్, ఇద్దరు పెద్దవాళ్ళు. "ఏడాదికి కోటి డాలర్లు దాటే సంస్థను ఫైనాన్స్ తెలియనివాళ్ళు నడుపుతున్నారు, నేను వెళ్ళి ఇరుక్కుంటానా? అసలు అక్కడ నా పనేంటి?" అని అడిగారు.

నేను ఈ రంగంలో ఫైనాన్స్ మేనేజర్‌గా, ఆ తర్వాత కంపెనీ సెక్రటరీగా పనిచేశాను. చేరమనే చెప్తాను. కానీ "ఫైనాన్స్ తెలియనివాళ్ళు నడుపుతున్నారు" అన్న ఆలోచనతో మాత్రం వెళ్ళకండి. ఆ ఆలోచన ఉన్నవాళ్ళు బోర్డుకు చేసే నష్టం నేను దగ్గర నుంచి చూశాను.

ఆ బోర్డు అలా ఎందుకుందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1960లలో కూడా న్యూ సౌత్ వేల్స్ గ్రామీణ ఆసుపత్రుల్లో అబోరిజినల్ రోగులను విడి వార్డుల్లో పెట్టేవాళ్ళు. పైగా ఆసుపత్రి, పోలీసు, వెల్‌ఫేర్ ఆఫీసు అన్నీ ఒకే ప్రభుత్వానివి. పిల్లల్ని ఇళ్ళ నుంచి తీసుకుపోయిన ప్రభుత్వం అది. ఒంట్లో బాగోలేకపోయినా గడప దాటి వెళ్ళడానికి భయం. 1971లో సిడ్నీ రెడ్‌ఫర్న్‌లో అబోరిజినల్ వాళ్ళే సొంతంగా ఒక మెడికల్ సర్వీస్ మొదలుపెట్టారు. విరాజురి తెగ మహిళ మమ్ షర్ల్, ఉద్యమకారుడు గ్యారీ ఫోలీ లాంటి వాళ్ళు అందులో ఉన్నారు. కళ్ళ డాక్టర్ ఫ్రెడ్ హాలోస్ లాంటి వాళ్ళు సాయం చేశారు. నవోమీ మేయర్స్ దాన్ని దశాబ్దాల పాటు నడిపించారు. 1973లో మెల్‌బోర్న్ ఫిట్జ్‌రాయ్‌లో విక్టోరియన్ అబోరిజినల్ హెల్త్ సర్వీస్ వచ్చింది. అదే ఏడాది ఆలిస్ స్ప్రింగ్స్‌లో సెంట్రల్ ఆస్ట్రేలియన్ అబోరిజినల్ కాంగ్రెస్ పుట్టింది. ఇవాళ జాతీయ సంఘం నాచోలో ఇలాంటి సంస్థలు 140కి పైగా సభ్యులుగా ఉన్నాయి.

వీటన్నిటికీ ఒకటే షరతు. స్థానిక అబోరిజినల్ సమాజం ఎన్నుకున్న వాళ్ళే సంస్థను పాలించాలి. కమ్యూనిటీ కంట్రోల్డ్ అనేది దీన్నే. డాక్టర్ ఎవరైనా కావచ్చు. విదేశాల్లో చదివిన డాక్టర్లకు మెడికేర్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) బిల్లింగ్ మీద ఉన్న 10 ఏళ్ళ నిబంధన వల్ల మన తెలుగు డాక్టర్లు చాలామంది ఇలాంటి చోట్లకు వస్తుంటారు. సీఈఓ కూడా బయటివాళ్ళు కావచ్చు. నిర్ణయం మాత్రం బోర్డుది. బస్సు నడిపే ఆయన ఆ కుర్చీలో ఉండటానికి కారణం ఆయన బ్యాలెన్స్ షీట్ చదవగలరని కాదు, ఊరి వాళ్ళు ఓటేశారని. ఏ పిల్లాడు స్కూలుకు రావడం మానేశాడో, ఏ ఇంట్లో కారు లేక డయాలసిస్‌కు వెళ్ళలేకపోతున్నారో ఆయనకు తెలిసినట్టు మీకూ నాకూ తెలియదు. సంస్థ నడిచేది ఆ సమాచారం మీద.

ఇక పనిలోకి వద్దాం. అన్నిటికంటే ముందు ఆ సంస్థ ఏ చట్టం కింద రిజిస్టరైందో చూడండి. కొన్ని మామూలు కార్పొరేషన్స్ చట్టం కింద గ్యారంటీ కంపెనీలుగా (షేర్లు లేకుండా సభ్యుల హామీ మీద నడిచేవి) ఉంటాయి. కొన్ని రాష్ట్ర సంఘాల చట్టాల కింద. చాలా సంస్థలు మాత్రం 2006లో చేసిన క్యాట్సీ చట్టం కింద ఉంటాయి. అబోరిజినల్, టోరెస్ స్ట్రెయిట్ ఐలాండర్ (ఉత్తరాన ఉన్న దీవుల మూలవాసులు) కార్పొరేషన్ల కోసమే ప్రత్యేకంగా చేసిన చట్టం అది, 2007 జులై 1 నుంచి అమల్లో ఉంది. దాన్ని చూసుకునే రిజిస్ట్రార్ ఆఫీసును అందరూ ఓరిక్ అంటారు. ఓరిక్ పబ్లిక్ రిజిస్టర్‌లో సంస్థ రూల్ బుక్, వార్షిక నివేదికలు, ఆడిట్ అయిన లెక్కలు ఉచితంగా దొరుకుతాయి. గత మూడేళ్ళవి దించుకుని ఒక ఆదివారం కూర్చుని చదవండి. ఎవరినీ అడగక ముందే సగం ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది.

మీది క్యాట్సీ సంస్థే అయితే గుర్తుంచుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. డైరెక్టర్లలో ఎక్కువమంది అబోరిజినల్ లేదా టోరెస్ స్ట్రెయిట్ వాళ్ళే అయి ఉండాలి. ఎక్కువమంది సంస్థ ఉద్యోగులు కాకూడదు. సీఈఓ డైరెక్టర్ కావచ్చు కానీ చైర్‌పర్సన్ కాలేరు. సాధారణంగా 12 మందికి మించకూడదు. సభ్యులు కాని మీలాంటి వాళ్ళను తీసుకోవాలంటే రూల్ బుక్‌లో అందుకు చోటుండాలి. చైర్‌పర్సన్ గారు మంచి మనసుతో పిలిచినా సరే, ఆ క్లాజ్ లేకపోతే మీ నియామకం చెల్లదు. ఇంకోటి, డైరెక్టర్ ఐడీ (డైరెక్టర్లకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్య) తీసుకోవాలి. క్యాట్సీ డైరెక్టర్లకు కూడా ఇది తప్పనిసరి. ఉచితం, ఆన్‌లైన్‌లో అయిపోతుంది, కానీ నియామకానికి ముందే చేతిలో ఉండాలి.

డైరెక్టర్‌గా మీ బాధ్యతలు మామూలు కంపెనీలో లాంటివే. జాగ్రత్తగా, నిజాయితీగా పనిచేయాలి, పదవిని సొంతానికి వాడుకోకూడదు, అప్పులు తీర్చలేని స్థితిలో వ్యాపారం సాగించకూడదు. వీటి మీద ఎక్కువ చెప్పను, మీకు తెలిసినవే. తేడా ఎక్కడంటే, క్యాట్సీలో రిజిస్ట్రార్‌కి స్పెషల్ అడ్మినిస్ట్రేటర్‌ని పెట్టే అధికారం ఉంది. సంస్థ నష్టాల్లో నడుస్తున్నా, డైరెక్టర్ల మధ్య గొడవలతో పని ఆగిపోయినా, చట్టాన్ని పాటించకపోయినా ఆ అవకాశం ఉంటుంది. డైరెక్టర్లలో ఎక్కువమంది తామే అడగవచ్చు కూడా. లిక్విడేటర్‌లా మూసేయడం అడ్మినిస్ట్రేటర్ ఉద్దేశం కాదు. సరిచేసి మళ్ళీ సభ్యుల చేతికి అప్పగించడానికే వస్తారు. అయినా ఆ కాలంలో బోర్డు అధికారం పోతుంది. ఊళ్ళో "ప్రభుత్వం మళ్ళీ లాక్కుంది" అన్న మాట వస్తుంది. సమాజం సొంతంగా కట్టుకున్న సంస్థకు అది చిన్న దెబ్బ కాదు. అందుకే ఈ బోర్డుల్లో పాతవాళ్ళు ఆడిట్ రిపోర్టు గడువు గురించి మీకంటే ఎక్కువ టెన్షన్ పడతారు. ఎందుకో మీకు అప్పుడు అర్థమవుతుంది.

డబ్బు సంగతి. మీరు అకౌంటెంట్ కాబట్టి ఇక్కడే మీ వల్ల ఎక్కువ ఉపయోగం. ఇక్కడ ఆదాయం ఒక చోటి నుంచి రాదు. కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చే ప్రధాన గ్రాంట్ ఒకటి. అబోరిజినల్ ఆరోగ్య బాధ్యత 1995లో అట్సిక్ (మూలవాసుల వ్యవహారాలు చూసిన అప్పటి జాతీయ సంస్థ) నుంచి ఆ శాఖకు మారింది. తర్వాత హెల్త్ ఇన్సూరెన్స్ చట్టం 19(2) సెక్షన్ కింద ఇచ్చిన ఆదేశం వల్ల గ్రాంట్ తీసుకుంటూనే మెడికేర్ బిల్లింగ్ కూడా చేసుకోవచ్చు. అబోరిజినల్ వాళ్ళ వార్షిక హెల్త్ చెక్‌కి ఉన్న 715 ఐటమ్ (మెడికేర్ బిల్లింగ్ నంబరు) చాలా క్లినిక్‌లకు కడుపు నింపేది. వీటికి తోడు రాష్ట్ర ఆరోగ్య శాఖ డబ్బు, ప్రైమరీ హెల్త్ నెట్‌వర్క్ (ప్రాంతీయ ఆరోగ్య సంస్థ) డబ్బు, ఎన్‌డీఐఎస్ (వికలాంగుల జాతీయ బీమా పథకం), మానసిక ఆరోగ్యానికి, కంటి వైద్యానికి, పిల్లల కార్యక్రమాలకు విడివిడి ఒప్పందాలు ఉంటాయి. ప్రతి దానికీ విడి లెక్క, విడి గడువు, విడి ఫారం.

ఫలితం ఏమిటంటే బ్యాంకు బ్యాలెన్స్ చూస్తే సంస్థ బాగానే ఉన్నట్టు ఉంటుంది. పెళ్ళింటి బీరువాలో డబ్బు లాంటిది అది. కట్టలు కనిపిస్తాయి, కానీ ఒక కట్ట వంటవాళ్ళది, ఒకటి మండపానిది, ఒకటి బంగారం షాపుకి ఇవ్వాల్సింది. ఖర్చుపెట్టని గ్రాంట్ అప్పు కిందే లెక్క, వెనక్కి అడగవచ్చు. ఉద్యోగుల సెలవుల బాకీ పెరుగుతూ ఉంటుంది. స్వేచ్ఛగా వాడుకోదగ్గది దాదాపు మెడికేర్ ఆదాయమే. ఆ ఆదాయం డాక్టర్ మీద ఆధారపడి ఉంటుంది. ఇద్దరు డాక్టర్లున్న క్లినిక్‌లో ఒకరు ఒప్పందం ముగించుకుని వెళ్ళిపోతే ఏం జరుగుతుందో ఊహించండి. ఏజెన్సీ నుంచి తాత్కాలికంగా తెచ్చుకునే డాక్టర్‌కు రోజుకు ఇచ్చేది ఆయన బిల్ చేసేదానికంటే ఎక్కువైపోతుంది.

నేను చూసిన చాలా బోర్డులకు వెళ్ళే ఫైనాన్స్ రిపోర్టు ఆడిటర్ కోసం రాసినట్టు ఉంటుంది. 20 పేజీలు, ఆఖర్లో "నోట్ చేయవలసిందిగా కోరుతున్నాము". ఎవరూ ప్రశ్న అడగరు, తీర్మానం అయిపోతుంది. తర్వాత ఏదైనా జరిగితే "బోర్డుకు ఫైనాన్స్ తెలియదు" అంటారు. నా అభిప్రాయంలో అది బోర్డు లోపం కాదు, రిపోర్టు రాసినవాళ్ళ లోపం. ఒక్క పేజీ చాలు. ప్రతి డబ్బు ముద్దకూ మూడు సంగతులు చెప్పాలి. ఇది ఎవరిచ్చింది, దేనికి మాత్రమే వాడాలి, ఎప్పటిలోగా వాడాలి. కింద ఒక వాక్యం: దేనికీ కట్టుబడని డబ్బు ఇవాళ ఇంత, దానితో ఇన్ని వారాల జీతాలు ఇవ్వగలం. ఇలాంటి పేజీ పెడితే రిటైరైన టీచర్ ఎయిడ్ గారు అడిగే ప్రశ్న మీ ఆడిటర్ కూడా అడగడు. "పిల్లల ప్రోగ్రాం డబ్బు మార్చి వచ్చినా సగం అలాగే ఉందే, ఆ పోస్టు ఇంకా భర్తీ చేయలేదా?" అని.

ఆ పేజీని బోర్డు ముందు వివరించేది కూడా మీరు కాకుండా చూసుకోండి. ఫైనాన్స్ మేనేజర్ చెప్పాలి, ట్రెజరర్‌గా ఉన్న స్థానిక డైరెక్టర్ ప్రశ్నించాలి, మీరు మీటింగ్‌కు ముందు ఆ ట్రెజరర్‌తో ఒక గంట కూర్చోవాలి. మీరు ప్రతిసారీ లేచి చెప్పడం మొదలుపెడితే రెండు మీటింగుల్లో అందరూ మీ మొహం చూడటం అలవాటు చేసుకుంటారు. ఆపైన ఎన్నికైన వాళ్ళ బోర్డు కాస్తా మీ బోర్డు అయిపోతుంది. కన్సల్టెంట్లు ఈ మధ్య "స్కిల్స్ బేస్డ్ బోర్డు" అని ఒకటే పాట. బయటి నైపుణ్యం కావాలి, కాదనను. ఆలిస్ స్ప్రింగ్స్ కాంగ్రెస్ లాంటి పెద్ద సంస్థలు కూడా సభ్యులు ఎన్నుకున్న డైరెక్టర్లకు తోడుగా బయటి నిపుణులను తీసుకుంటాయి. తోడుగా అన్నది ముఖ్యం. ఓట్ల లెక్కలో స్థానికులు తగ్గిపోతే ఆ సంస్థను ఇంకేదైనా అనవచ్చు, కమ్యూనిటీ కంట్రోల్డ్ అనలేం.

ఇప్పుడు అందరికీ ఇబ్బందిగా ఉండే విషయం, బంధుత్వాలు. చిన్న ఊరు. రిసెప్షన్‌లో అమ్మాయి ఒక డైరెక్టర్ మేనకోడలు. రోగులను తీసుకొచ్చే వ్యాన్ నడిపేది ఇంకొకరి తమ్ముడు. గడ్డి కోసే కాంట్రాక్టు మూడో ఆవిడ అల్లుడిది. బయటివాళ్ళు ఇది చూసి వెంటనే అవినీతి అనేస్తారు. నిజానికి అబోరిజినల్ వాళ్ళకు ఉద్యోగాలివ్వడం ఈ సంస్థల ఉద్దేశాల్లో ఒకటి. ఊళ్ళో అబోరిజినల్ కుటుంబాలే కొన్ని ఉన్నప్పుడు ఉద్యోగి ఎవరో ఒకరి బంధువు కాకుండా ఎలా ఉంటారు? బంధువు ఉండటం సమస్య కాదు. ఆ బంధువు గురించి నిర్ణయం తీసుకునేటప్పుడు డైరెక్టర్ గదిలో ఉండటం సమస్య.

దీనికి పనికొచ్చే పద్ధతి ఒకటుంది. ఏ డైరెక్టర్‌కు ఎవరితో బంధుత్వం, ఎందులో లాభం ఉందో రాసే ఆసక్తుల రిజిస్టర్ ఒకటి శాశ్వతంగా ఉంచి, ప్రతి మీటింగ్ మొదట్లో చదివి, మార్పులు రాయాలి. ఆ అంశం వచ్చినప్పుడు సంబంధం ఉన్నవాళ్ళు బయటికి వెళ్ళాలి, వెళ్ళిన సమయం, వచ్చిన సమయం మినిట్స్‌లో ఉండాలి. కానీ ఏడుగురిలో నలుగురు లేచి వెళ్ళిపోతే కోరం ఉండదు, ఇది చిన్న ఊళ్ళలో మాటిమాటికీ వస్తుంది. కాబట్టి అసలు ఆ అంశాలు బోర్డు దాకా రాకుండా చేయడం మేలు. ఒక్క సీఈఓను తప్ప ఇంకెవరినీ బోర్డు నియమించదు, ఫలానా మొత్తం లోపు కాంట్రాక్టులు సీఈఓ చేతిలోనే, మూడు కొటేషన్లు తప్పనిసరి, అని అధికారాల పత్రంలో రాసుకోవాలి. డైరెక్టర్‌కు లేదా దగ్గరి బంధువుకు సంస్థ నుంచి ఆర్థిక లాభం ఇచ్చే ఒప్పందాలకు సభ్యుల ఆమోదం కావాల్సి రావచ్చు. చట్టంలో కొన్ని మినహాయింపులున్నాయి, అవి లాయర్‌ను అడిగి తేల్చుకోవాలి.

అధికారాల పత్రం రాసుకుంటే డైరెక్టర్లకు ఇంకో మేలు ఉంది. సూపర్‌మార్కెట్‌లో బంధువు పట్టుకుని "మా వాడికి ఉద్యోగం ఇప్పించు" అంటే, "నియామకాలు బోర్డు చేతిలో లేవు" అని నిజంగా చెప్పగలుగుతారు. ఇలా వెంటపడి అడగడాన్ని అబోరిజినల్ వాళ్ళ ఇంగ్లిష్‌లో హంబగ్ అంటారు. ఈ ఒత్తిడి మీకు ఉండదు, వాళ్ళకు 24 గంటలూ ఉంటుంది. మీరు మీటింగ్ అయ్యాక ఇంటికి వెళ్తారు. వాళ్ళు ఆ నిర్ణయంతో బాధపడినవాళ్ళ పక్కింటికి వెళ్తారు.

మరో సంగతి ఎవరూ ముందుగా చెప్పరు: డైరెక్టర్లు కూడా ఆ క్లినిక్ రోగులే. అపాయింట్‌మెంట్ దొరకలేదని ఒక డైరెక్టర్ కౌంటర్ దగ్గర గట్టిగా మాట్లాడితే అక్కడున్న అమ్మాయికి ఆయన రోగిలా కనిపించరు, యజమానిలా కనిపిస్తారు. ఫిర్యాదు ఉంటే ఊళ్ళో మిగతావాళ్ళలాగే ఫిర్యాదు ఫారం మీదే రావాలి. అలాగే బోర్డుకు ఇచ్చే ఆరోగ్య లెక్కల్లో చిన్న అంకెలు ప్రమాదం. ప్రభుత్వానికి ఏడాదికి రెండుసార్లు పంపే జాతీయ సూచికలు బోర్డుకు కూడా చూపిస్తారు. "ఫలానా వయసు మగవాళ్ళలో షుగర్ అదుపులో లేనివాళ్ళు 2" అని రాస్తే ఆ ఊళ్ళో ఆ ఇద్దరూ ఎవరో టేబుల్ చుట్టూ కూర్చున్న అందరికీ తెలిసిపోతుంది. చిన్న అంకెలను కలిపి చూపించాలి లేదా దాచాలి. ఇది మీరు అడగాల్సిన ప్రశ్న, ఎందుకంటే రిపోర్టు తయారుచేసే సాఫ్ట్‌వేర్ అడగదు.

క్లినికల్ నాణ్యత బోర్డు బాధ్యతే, "అది డాక్టర్ల పని" అని వదిలేయడానికి లేదు. అక్రెడిటేషన్ సర్టిఫికెట్ గోడకు తగిలించి ఉంటే సరిపోదు. జరిగిన పొరపాట్ల పట్టిక, ఫిర్యాదులు, రిపోర్టు వచ్చాక రోగికి తిరిగి చెప్పారా లేదా అన్న లెక్క బోర్డుకు రావాలి. రుమాటిక్ గుండె జబ్బు ఉన్న పిల్లలకు దాదాపు నెలకోసారి పెన్సిలిన్ సూది పడాలి. ఎంత శాతం మందికి పడింది అన్నది మీలాంటి వాళ్ళు అడుగుతారు. పెద్దవాళ్ళు అడిగేది వేరు: పడనివాళ్ళు ఎక్కడున్నారు, ఎవరైనా వెళ్ళి చూశారా? రెండో ప్రశ్నకే ఎక్కువ విలువ అని నేను అనుకుంటాను.

సభ్యత్వం, ఎన్నికలు. ఇక్కడే చాలా గొడవలు పుడతాయి. సభ్యుల రిజిస్టర్ తాజాగా లేకపోతే ఏజీఎంలో (సభ్యుల వార్షిక సమావేశంలో) జరిగిన ఎన్నిక మీద ఎవరైనా వేలెత్తవచ్చు. చనిపోయినవాళ్ళ పేర్లు, ఊరు వదిలినవాళ్ళవి, ఏడాదిగా టేబుల్ మీద పడున్న కొత్త దరఖాస్తులు ఉన్నాయేమో చూడండి. ఏజీఎం ఆర్థిక సంవత్సరం ముగిసిన 5 నెలల్లో జరగాలి, అంటే మామూలుగా నవంబర్ లోపు. ఒకే కుటుంబం మొత్తం సీట్లు గెలవకుండా కొన్ని రూల్ బుక్‌లు ప్రాంతాల వారీగానో, కుటుంబ సమూహాల వారీగానో సీట్లు పెడతాయి. అందరి పదవీకాలం ఒకేసారి ముగియకుండా సగం సగం చేస్తాయి. ఇవి ఊరిని బట్టి ఉండాలి, ఇంకో ఊరి రూల్ బుక్ కాపీ కొట్టి తెస్తే పనిచేయదు. ఎన్నికల్లో మీరు ఎవరి వైపూ ఉండకండి, భోజనానికి పిలిచినా సరే. పేర్ల మీద, ఎవరు అబోరిజినల్ అన్నదాని మీద చర్చ వస్తే నోరు విప్పకండి. అది మీరు తేల్చే విషయం కాదు.

మీటింగుల తీరు గురించి రెండు మాటలు. ఊళ్ళో చావు జరిగితే మీటింగ్ వాయిదా పడుతుంది, సారీ బిజినెస్ అంటారు. గ్రాంట్ గడువు రేపే అయినా సరే. కాబట్టి గడువుకు వారం ముందే పత్రాలు సిద్ధంగా ఉంచే అలవాటు సంస్థకు ఉండాలి. ఎవరూ అభ్యంతరం చెప్పలేదంటే అందరూ ఒప్పుకున్నట్టు అనుకోకండి. టీ విరామంలో చైర్‌పర్సన్‌ని నెమ్మదిగా అడగండి. మన వాళ్ళకు ఇంగ్లిష్ మీటింగుల్లో ఖాళీని వెంటనే మాటలతో నింపే అలవాటు, నాక్కూడా ఉంది. ఇక్కడ ఆ ఖాళీలోనే అసలు మాట వస్తుంది.

ప్రభుత్వం వైపు నుంచి వచ్చే బరువు కూడా తెలుసుకుని వెళ్ళండి. మూలవాసులకూ మిగతావాళ్ళకూ మధ్య ఉన్న అంతరాన్ని తగ్గించడానికి 2020 జులైలో కుదిరిన క్లోజింగ్ ద గ్యాప్ జాతీయ ఒప్పందంలో కమ్యూనిటీ కంట్రోల్డ్ రంగాన్ని బలపరచడం నాలుగు ప్రధాన సంస్కరణల్లో ఒకటి. ఆ ఒప్పందాన్ని అప్పట్లో నాచో అధినేత్రిగా ఉన్న ప్యాట్ టర్నర్ ముందుండి నడిపించారు. 2024 ఫిబ్రవరిలో ప్రొడక్టివిటీ కమిషన్ (కేంద్ర ప్రభుత్వ సలహా సంస్థ) సమీక్ష ప్రభుత్వాలు తమ పనితీరును తగినంత మార్చుకోలేదని తేల్చింది. బోర్డు టేబుల్ దగ్గర దీని అర్థం ఇది: కొత్త కార్యక్రమాలు, కొత్త డబ్బు "మీరే చేయండి" అని వస్తాయి, కానీ ఆఫీసు ఖర్చులకు, ఇంటి అద్దెలకు, ఐటీకి సరిపడా రాదు. ఇలాంటి ఒక గ్రాంట్‌ను వద్దనడం బోర్డు చేయగల మంచి పనుల్లో ఒకటి. అది వద్దనడానికి కావాల్సిన లెక్క తయారు చేసిపెట్టడం మీ పని. వద్దనాలా లేదా అన్నది వాళ్ళ ఓటు.

ఇరుక్కుంటారా అన్నదానికి జవాబు. ఏ డైరెక్టర్‌కైనా ఉండే రిస్క్ ఉంటుంది. డైరెక్టర్ల ఇన్సూరెన్స్ పాలసీ కాపీ అడగండి, చాలామంది ఉందన్న మాట విని ఊరుకుంటారు. జీతాల పన్ను, సూపర్ (ఉద్యోగుల రిటైర్మెంట్ నిధి) సమయానికి కడుతున్నారా అన్నది ప్రతి మీటింగ్‌లో ఒక వాక్యంగా రాసివ్వమని అడగండి. మీకు ఫీజు ఇస్తామంటే రూల్ బుక్ ఒప్పుకుంటుందా చూడండి. మీ ఆఫీసు ఆ సంస్థకు ఇప్పటికే బుక్‌కీపింగ్ చేస్తుంటే రెండిట్లో ఒకటి వదులుకోండి.

ఒప్పుకునే ముందు చైర్‌పర్సన్‌తో, సీఈఓతో విడివిడిగా మాట్లాడండి. ఇద్దరినీ ఒకటే అడగండి, నన్ను ఎందుకు పిలుస్తున్నారు అని. "బోర్డుకు సీఈఓ చెప్పే లెక్కలు అర్థం కావడానికి" అని చైర్‌పర్సన్ చెప్తే వెళ్ళండి. "బోర్డును కాస్త దారిలో పెట్టడానికి" అని సీఈఓ చెప్తే ఇంకో నాలుగు ప్రశ్నలు అడగండి, గత ఏజీఎం మినిట్స్, ఆడిటర్ లోపాలు చూపిస్తూ రాసే మేనేజ్‌మెంట్ లెటర్ కూడా తీసుకోండి. అవి ఇవ్వడానికి తటపటాయిస్తే నేనైతే ఆ సీటు తీసుకోను.